రాయప్ప కూత

ఆ రోజుల్లో తిరువూరు జనానికి ఫుట్‌బాల్ అంటే ఒకటే లెక్క, బంతి ఎంత ఎత్తుకు లేచిందన్నదే. బడి మైదానం పక్కనున్న వేపచెట్టు తల దాటేట్టు తన్నినవాడు మొనగాడు. ఆ బంతి తిరిగొచ్చి మనవాళ్ళ ముందు పడిందా, ఎదుటివాళ్ళ ముందు పడిందా అని అడిగే నాథుడు లేడు. "అబ్బ, ఏం తన్నాడ్రా" అని మురిసిపోయి, చుట్ట వెలిగించుకుని ఇళ్ళకి పోయేవాళ్ళు. ఎవరు గెలిచిందీ మర్నాడు ఎవరైనా చెబితే తెలిసేది.

అలాంటి ఊళ్ళోకి పటాలం నుంచి అంతోనయ్య మాస్టారు వచ్చి పడ్డాడు. యుద్ధం రోజుల్లో సైన్యంలో చేరి, నాలుగు దేశాల నీళ్ళు తాగి, బూట్లేసుకున్న దొరల జట్ల మీద వట్టికాళ్ళతో ఆడినవాడు. మిషన్ బళ్ళో డ్రిల్లు మాస్టారుగా కుదిరీ కుదరగానే కూలీనాలీ చేసుకునే పేటలో కుర్రాళ్ళని పోగేసి జట్టు కట్టాడు. కాళ్ళలో సత్తువ ఉన్నవాళ్ళు కావలసినంతమంది దొరికారు. ఇన్‌సైడ్ లెఫ్టు ఒక్కడే దొరకలేదు.

ఆ కాలపు ఆటలో ముందు వరసకి అయిదుగురు. నడిమధ్య గోలు కొట్టేవాడు, రెండు అంచుల్లో పరిగెత్తేవాళ్ళు ఇద్దరు. వాళ్ళ మధ్య సందుల్లో, రెండడుగులు వెనగ్గా, కుడి పక్క ఒకడు, ఎడం పక్క ఒకడు. ఆ ఎడం పక్కవాడే ఇన్‌సైడ్ లెఫ్టు. వెనకవాళ్ళ దగ్గర బంతి అందుకుని ముందువాళ్ళకి అందించాల్సింది అతనే. "వాడు లేకపోతే వండింది వంటింట్లోనే ఉంటుంది, విస్తళ్ళు ఖాళీగానే ఉంటాయి" అనేవాడు మాస్టారు. కుర్రాళ్ళకి విస్తరి సంగతి అర్థమయ్యేది గానీ ఆట సంగతి అర్థమయ్యేది కాదు.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక చింతతోపులో చెడుగుడు జరుగుతుంటే మాస్టారు ఆగి చూశాడు. కూతకు వెళ్ళిన కుర్రాడు గీత దాటి అవతలివాళ్ళ మధ్య తిరుగుతున్నాడు. ఏడుగురు చుట్టూ ఉన్నారు. వాడు తల తిప్పడం లేదు, కానీ పక్క నుంచి ఎవడు దూకబోతాడో వాడు దూకకముందే తప్పుకుంటున్నాడు. ఇద్దర్ని తాకి నింపాదిగా ఇవతలికి వచ్చేశాడు.

"ఎట్టా తెలుస్తుందిరా నీకు, ఎవడు దూకుతాడో?" అని మాస్టారు దగ్గరికి పిలిచి అడిగాడు.

"మోకాలు చెబుతుందండి" అన్నాడు కుర్రాడు. "దూకేవాడి మోకాలు ముందే వంగుద్దండి."

ఆ కుర్రాడే రాయప్ప. ఇరవై రెండేళ్ళవాడు. రెడ్డిగూడెం వైపు ఒక మామిడితోట కామందు దగ్గర పాలేరు. వాళ్ళ నాన్న కూడా ఆ గడపలోనే పాలేరుతనం చేసి చేసి, చివరికి ఆ తోటలోనే కూలబడి కన్ను మూశాడు. ఏటా ఉగాదికి పాలేరు మళ్ళీ ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాడంటే ఏడాది పొడుగునా ఆ పని వదలడానికి లేదు, చలిజ్వరం వచ్చినా సరే. సాయంత్రం పని దిగాక దొరికే గంటే తనది. రాయప్పకి ఆ ఉగాది పేరు వింటేనే గుండెల్లో రాయి పడేది.

మాస్టారు వాణ్ణి జట్టులో ఇన్‌సైడ్ లెఫ్టుగా నిలబెట్టాడు. వాడికి ఎడమ పక్కన, గీత వెంబడి పరిగెత్తేవాడు ఏసోబు. రాయప్ప అక్క రావమ్మ మొగుడు. ఊళ్ళో బియ్యం మిల్లులో బస్తాలు మోస్తాడు, ఇద్దరు పిల్లల తండ్రి. బావ కాళ్ళలో గుర్రం ఉంది, నోట్లో కందిరీగ ఉంది. బామ్మర్దిని ఆటపట్టించకుండా వాడికి పూట గడవదు.

మొదటివారమే తెలిసింది వ్యవహారం. రాయప్ప కాలికి బంతి తగిలిందంటే చాలు, పెదాలు కదిలేవి. "చెడుగుడు చెడుగుడు చెడుగుడు" అని లోలోపల కూత మొదలయ్యేది. ఇద్దర్ని తప్పించేవాడు, ముగ్గుర్ని తప్పించేవాడు, చూసేవాళ్ళ కళ్ళు తిరిగేవి. ఎంతమంది అరిచినా బంతి వదిలేవాడు కాదు. దమ్ము ఆగిపోయిందా, అక్కడికక్కడ ఎటంటే అటు ఒక తన్ను తన్ని, నడుం మీద చేతులేసుకుని ఆయాసపడేవాడు. తను కూత పెడుతున్నట్టు వాడికే తెలీదు. చెబితే ఒట్టేసి కాదన్నాడు.

"కాదంటాడేంటి మాస్టారూ, పక్కనున్న నాకు వినపడుతుంటేనూ" అన్నాడు ఏసోబు. "నేను అక్కడ గడ్డి మొలిచేదాకా నిలబడ్డా బంతి రాదు. నా పెళ్ళికి కట్నం కింద వీళ్ళు మేకపిల్లనిస్తామని ఇవ్వలేదు, ఇప్పుడు బంతి కూడా ఇవ్వడు."

ఈ సంగతి పేటలో ఆగితే బాగుండేది. గంపలగూడెం జట్టువాళ్ళు ఒకసారి వచ్చి ఆడి, కనిపెట్టేశారు. వాళ్ళ వెనక వరసలో ఆడేవాడు ఒకడు, తాటిమొద్దులా ఉంటాడు, తనవాళ్ళతో గట్టిగా చెప్పాడు. "వాడి మీదికి పోకండ్రా. కూత అయ్యేదాకా ఆగి, బంతి తీసుకోండి." అలాగే తీసుకున్నారు. జనం విరగబడి నవ్వారు. రాయప్పకి ఆ రోజు తలెత్తి నడవడం కూడా కష్టమైంది, ఆట మానేస్తానని అక్క దగ్గర కూర్చుని ఏడ్చాడు.

మాస్టారు మానిపించే మార్గాలన్నీ చూశాడు. నోట్లో నీళ్ళు పోయించి పరిగెత్తించాడు. కూత ఆగింది గానీ, ఊపిరి బిగబట్టడం మానలేదు, ఒకసారి పొలమారి చచ్చినంత పనయింది. చివరికి ఓ సాయంత్రం మైదానం గట్టు మీద పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఒరేయ్, చెడుగుడులో గీత దాటాక నీకెవరు కనపడతారు?"

"అవతలివాళ్ళండి."

"మనవాళ్ళు?"

"మనవాళ్ళు గీతకి ఇవతలే ఉంటారు కదండీ. అక్కడ మనవాడనేవాడు ఉండడు. ఊపిరి పోయిందంటే చచ్చినట్టే."

"అదీ నీ జబ్బు" అన్నాడు మాస్టారు. "నీ కళ్ళు దేవుడిచ్చిన కళ్ళురా. కానీ శత్రువుల్ని తప్ప చూడవు. ఇక్కడ గీత దాటాక కూడా మనవాళ్ళు నలుగురు నీతోపాటే వచ్చి ఉంటారు. నిన్ను పట్టుకోవడానికి ఇద్దరు వచ్చారంటే, ఎక్కడో మనవాడొకడు ఖాళీగా ఉన్నాడన్నమాట. వాడెవడో బంతి నీ కాలికి రాకముందే తెలిసుండాలి. వచ్చాక వెతుక్కునేవాడు పెళ్ళయ్యాక వచ్చిన చుట్టంలాంటివాడు. ఆ ఖాళీగా ఉన్నవాడు పరిగెత్తబోయే చోటుకి బంతి పంపాలి, నిలబడ్డ చోటుకి కాదు. పంపాక చప్పట్లు వాడికి కొడతారు. అది ఓర్చుకోవాలి. ఇదే ఇన్‌సైడ్ లెఫ్ట్ అంటే, ఇంకేం లేదు."

"చెప్పడం తేలికేనండి. నోరు దానంతటది కదులుద్ది, ఏం చేయను?"

పక్కన కాళ్ళు బారజాపుకుని వింటున్న ఏసోబు అన్నాడు. "నోరు కదలక మానదంటే కదలనీ. చెడుగుడు బదులు నా పేరు చెప్పు. బావా అను."

నవ్వులాటకి అన్న మాటే. మాస్టారు నవ్వలేదు, మర్నాటి నుంచి అదే చేయించాడు. బంతి వస్తుండగానే ఎవడు ఖాళీగా ఉన్నాడో వాడి పేరు పలకాలి. పేరు పలకాలంటే వాడు ఎక్కడున్నాడో చూడాలి. పలికితే ఊపిరి దానంతటదే బయటికి పోతుంది. మొదట్లో వాడు "బావా" అని కేకేసి కూడా బంతి తన కాళ్ళ దగ్గరే ఉంచుకునేవాడు. ఏసోబు గీత చివరిదాకా వెళ్ళి, వట్టి చేతులతో పెళ్ళివారింటి నుంచి వచ్చినవాడిలా తిరిగొచ్చేవాడు. పత్తి తీతలు అయ్యేసరికి మాత్రం మార్పు వచ్చింది. బంతి వెళ్ళేది, ఏసోబు అప్పుడే అక్కడికి చేరేవాడు. కొన్నాళ్ళకి పైకి పలకడం కూడా మానేశాడు, పెదాలు కదలడం మిగిలింది.

మాఘమాసం వెళ్ళాక బెజవాడ నుంచి ఒక కబురు వచ్చింది. అక్కడి ఒక మిల్లువాళ్ళకి సొంత జట్టు ఉంది. ఆటగాడికి మిల్లులోనే ఉద్యోగం, నెల జీతం, ఉండటానికి గది. వాళ్ళ తరపున వెంకటకృష్ణారావుగారనే పెద్దమనిషి వస్తున్నాడు, గంపలగూడెం మీద తిరువూరు ఆడే ఆట చూసి ఒకణ్ణి ఎంచుకుంటాడట. ఒకణ్ణే. ఉగాది ఇంకా రాలేదు. కామందు అప్పటికే మనిషిని పంపాడు, ఈసారి కూడా ఒప్పుకుంటున్నావు కదా అని.

రాయప్పకి నిద్ర పట్టడం మానేసింది. ఈ ఒక్క ఆట బాగా ఆడితే తండ్రి నడిచిన దారి తను నడవక్కర్లేదు. ఆడకపోతే ఉగాదికి వెళ్ళి ఆ గడపలోనే నిలబడాలి. ఏసోబు కూడా ఆ ఉద్యోగం మీద ఆశ పెట్టుకున్నాడని వాడికి తెలుసు. బావకి మెడ వెనక బస్తాలు మోసిన చోట చర్మం మొద్దుబారిపోయింది. ఆ మాట ఇద్దరూ ఎత్తుకోలేదు. మామూలుగా రోజంతా వాగే ఏసోబు ఆ వారం ఎందుకో మాటలు తగ్గించాడు.

ఆట రోజున మైదానం నిండిపోయింది. షాపులు మూసేసి కోమటిపేటవాళ్ళు కూడా వచ్చారు. వెంకటకృష్ణారావుగారికి నీడలో కుర్చీ వేశారు. తెల్ల పంచె, కళ్ళజోడు, చేతిలో గొడుగు. రాయప్ప మైదానంలోకి అడుగు పెడుతూనే ఆ కుర్చీని చూశాడు, అక్కడే పాడైంది సంగతి.

మొదటి బంతి కాలికి తగిలిందో లేదో, కూత లేచింది. అన్నాళ్ళ సాధనా గోదాట్లో కలిసింది. ఒకణ్ణి తప్పించాడు, ఇద్దర్ని తప్పించాడు, కుర్చీవైపు ఓరగా చూశాడు. జనం కేకలు. తాటిమొద్దు మాత్రం కదల్లేదు. చెవి ఒగ్గి నిలబడి, దమ్ము ఆగగానే పిల్లాడి చేతిలో బెల్లం తీసుకున్నంత తేలిగ్గా బంతి తీసుకున్నాడు. అలా ఎన్నిసార్లో. ఒకసారి అలా తీసుకున్న బంతే అటు నుంచి అటు వెళ్ళి తిరువూరు గోల్లో పడింది. ఏసోబు గీత దగ్గర నిలబడే ఉన్నాడు.

సగం ఆట అయ్యాక మాస్టారు వాణ్ణి పక్కకి పిలిచాడు.

"ఎవరి కోసం ఆడుతున్నావురా?"

రాయప్ప అబద్ధం చెప్పలేకపోయాడు. "ఉద్యోగం కోసమండి."

"ఆశపడటం తప్పు కాదు. నేనూ బువ్వ కోసమే పటాలంలో చేరాను. కానీ నీ చూపంతా ఆ కుర్చీ మీద ఉంటే మైదానం ఎవడు చూస్తాడు? ఆయన్ని ఆయన పని చేసుకోనీ. నీ పని నువ్వు చెయ్యి."

రాయప్ప మొహం కడుక్కున్నాడు. భయం పోలేదు. భయంతోనే లోపలికి వెళ్ళాడు. ఈసారి బంతి వస్తుండగా కుర్చీవైపు కాదు, ఎడమ వైపు చూశాడు. తాటిమొద్దు మోకాలు వంగింది, పక్కవాడిదీ వంగింది. ఇద్దరూ తన మీదికే. అంటే అంచున ఎవరూ లేరు. "బావా" అని ఎన్నాళ్ళకో పైకే అన్నాడు. ఊపిరి వదిలాడు, బంతీ వదిలాడు. అది ఇద్దరి మధ్య నుంచి నేల మీద జారుకుంటూ వెళ్ళింది. ఏసోబు పరిగెత్తుకొచ్చి అందుకుని, గోలు కాసేవాడు వంగేలోపల లోపలికి కొట్టాడు.

ఆ తర్వాత రాయప్పకి మైదానం విడివిడిగా కనబడసాగింది. ఎవడు ఎక్కడున్నాడో, ఎక్కడికి పోబోతున్నాడో తెలుస్తోంది. కుడి పక్కకి ఒకటి ఇచ్చాడు, నడిమివాడికి ఒకటి ఇచ్చాడు, వాళ్ళు గురి తప్పినా విసుక్కోలేదు. బంతి వేపచెట్టు కొమ్మ దాకా కూడా లేవడం లేదని జనంలో కొందరు గొణిగారు. చాలామంది మాత్రం గొణగడం మాని మెడలు చాచి చూస్తున్నారు.

పొద్దు వాలుతుండగా చివరి అవకాశం వచ్చింది. నడిమధ్య బంతి అందుకున్న రాయప్పకి ఎదురుగా గోలు కనిపిస్తోంది. ముందు తాటిమొద్దు ఒక్కడే. వాణ్ణి తప్పించి తనే కొట్టచ్చు. కొడితే గెలిపించినవాడు తనే, ఉద్యోగమూ తనదే. అది వాడి మనసులోకి వచ్చింది, రాలేదంటే అబద్ధమే. కానీ ఎడమ అంచున ఏసోబు అప్పటికే కదిలాడు. అక్కడి నుంచైతే గోలు తెరిచిన తలుపు. తను కొడితే పడొచ్చు, పడకపోవచ్చు. బావ కొడితే పడుతుంది. అది చూశాక చూడనట్టు ఉండటం వాడి వల్ల కాలేదు. బంతి ఇచ్చేశాడు. ఏసోబు కొట్టాడు. తిరువూరు గెలిచింది.

జనం ఏసోబుని భుజాల మీదికి ఎత్తుకున్నారు. రాయప్ప గట్టు మీద కూలబడ్డాడు. బావకి వస్తే అక్కకే కదా, పిల్లలకే కదా అని మనసుకి చెప్పుకున్నాడు. మనసు విని ఊరుకుంది గానీ ఒప్పుకోలేదు.

వెంకటకృష్ణారావుగారు కుర్చీలోంచి లేచి, ఏసోబు భుజం తట్టాడు. "ఏమోయ్, రెండు గోల్సూ నీవే. భేషుగ్గా కొట్టావు. ఉగాది వెళ్ళాక సోమవారం బెజవాడ వచ్చి చేరు."

పేటవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒక పిల్ల రావమ్మకి కబురు చెప్పడానికి అప్పటికే పరిగెత్తింది. ఏసోబు మాత్రం తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఒక మాట చెప్పనా అండి."

"చెప్పు."

"నేను పరిగెత్తడం తప్ప ఏం చేయలేదండి. ఎటు పరిగెత్తాలో కూడా వాడే చెప్పాడు." ఏసోబు గట్టు మీదున్న రాయప్పని చూపించాడు. "వాడు చూసినవైపు నేను పోతే, అక్కడ బంతి ఉంటుందండి. మొదటి సగంలో వాడు ఇవ్వలేదు, నన్ను మీరు చూశారా? ఉన్నానో లేనో కూడా తెలిసుండదు. మీ బెజవాడలో వాడు లేకుండా నన్ను నిలబెడితే ఇదే గతండి."

"అయితే ఉద్యోగం వద్దంటావా?"

"వద్దనే మొహమా అండి నాది? కావాలండి. కానీ రేపు మీరు నన్ను చూసి, వీణ్ణెందుకు తెచ్చామురా అంటారు. ఆ మాట అప్పుడు పడేకంటే ఇప్పుడే చెప్పేస్తే మేలు కదండీ."

పెద్దమనిషి అంతోనయ్య మాస్టారివైపు తిరిగాడు. ఇద్దరూ ఆయన బిడ్డల్లాంటివాళ్ళే. "రెండు ఉద్యోగాలుంటే ఇద్దర్నీ తీసుకోండి సార్" అన్నాడు మాస్టారు. "ఒకటే అయితే, పరిగెత్తేవాడు మీకు ఎక్కడైనా దొరుకుతాడు. అందించేవాడు దొరకడు."

రాయప్ప లేచి వచ్చాడు. "వద్దండి. బావకే ఇవ్వండి, పిల్లలున్నవాడు."

"నోరుముయ్యరా" అన్నాడు ఏసోబు. నవ్వుతూ కాదు, నిజంగానే కసిరాడు. "నా పిల్లల సంగతి నాకు తెలీదనుకున్నావా? పేటలో ఒక్కడంటే ఒక్కడు ముందు పోతేనే వెనకవాళ్ళకి దారి తెలిసేది."

వెంకటకృష్ణారావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, రాయప్ప పేరు అడిగాడు.

దీపాలు పెట్టే వేళకి ఇద్దరూ ఇల్లు చేరారు. గుమ్మంలోనే కోడికూర వాసన వచ్చింది. రాయప్ప కాళ్ళు లోపలికి పడలేదు. రావమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పొగ వల్లే అనుకోవడానికి లేదు.

"అక్కా, నేను వెళ్ళనే" అన్నాడు రాయప్ప. "ఆయనకి చెప్పేస్తాను."

"మొదటి కబురు విని కోడిని కోశాను" అంది రావమ్మ. "రెండో కబురు వచ్చేసరికి అది ఉడికిపోయింది. ఇప్పుడు దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ గంప కింద మూయమంటావా? కూర్చో."

కూర్చున్నారు. ఆమె వడ్డిస్తూ మాట్లాడింది.

"కోపం రాలేదా అంటే వచ్చింది. మీ బావని తిట్టుకున్నాను, ఇంకా తిడతాను, పదేళ్ళు తిడతాను. కానీ నాన్న ఆ తోటలో ఎట్టా పోయాడో చూసినదాన్ని. నీ నోటికాడి కూడు తెచ్చి నా పిల్లలకి పెట్టమంటే, ఆ ముద్ద కలపడానికి నాకు చెయ్యి వచ్చేది కాదురా. వెళ్ళు. అన్నం చల్లారిపోతోంది, తిను."

రాయప్పకి ఏడుపు ఆగలేదు. ఎడంచేత్తో కళ్ళు తుడుచుకుంటూ, కుడిచేత్తో తింటూ, కొంతసేపటికి అన్నాడు. "బావా, అక్కడ ఎడం పక్క అంచున ఆడేవాడు ఎవడో కనుక్కుంటాను. వాడికి ఒక్క బంతి కూడా ఇవ్వను. వాడు పనికిరాడని ఆర్నెల్లలో తీసేస్తారు. అప్పుడు నీ పేరు చెబుతాను."

ఏసోబు ఎముక కొరుకుతూ వాడివైపు చూసి పగలబడి నవ్వాడు. వారం తర్వాత ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు.

"ఇస్తావురా వెర్రోడా" అన్నాడు. "వాడు ఖాళీగా కనపడ్డాడంటే ఇచ్చేస్తావు. ఇవ్వకుండా ఉండటం ఇంక నీ వల్ల కాదు."

రావమ్మ తమ్ముడి పళ్ళెంలో ఇంకో ముక్క వేసింది.